నిలువురాళ్ళ ఎండాకాలం

సంచి అడుగున పాత దుప్పటి మడిచి పరిచాను. దాని మీద నాగశ్రీ బట్టలు, తువ్వాలు, టార్చి, అమృతాంజనం సీసా, ఒక పసుపుకొమ్ము, పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా పెట్టాను. నీళ్ళ సీసాలు రెండు చాలవనిపించి మూడోది కూడా దూర్చాను. గొడుగు పట్టలేదు. దుప్పటి తీసి గొడుగు పెట్టాను. మళ్ళీ గొడుగు తీసి దుప్పటి పెట్టాను.

నా మనవరాలు గుమ్మంలో నిలబడి నవ్వుతోంది.

"అవ్వా, నేను పోయేది చెంజి పక్కన పల్లెకి. పొద్దున పోయి సాయంత్రం వస్తా. కాశీకి కాదు."

"కాశీకైతే నాకింత భయం లేదు. ఆడ జనం ఉంటారు. నువ్వు పోయే చోట ఏముండాది?"

"రాళ్ళు."

"అదే నేనూ చెప్తాండా. నీకు కళ్ళు తిరిగితే రాళ్ళు నీళ్ళు తెచ్చిస్తాయా?"

"మా దీపా మేడం ఉంటాది, క్లాసంతా వస్తాది. అమ్మా, నువ్వన్నా చెప్పు."

నా కోడలు తాయారు వంటింట్లోంచి రాకుండానే చెప్పింది. "మోసుకోని పో. బస్సెక్కినాక ఫ్రెండ్సుకి పంచిపెట్టు. ఈడ మీ అవ్వ మనసు కుదురుగా ఉండాల గదా."

అది చిత్తిరై, తమిళ ఏడాదిలో మొదటి నెల. నడివేసవిలో మాడ్చే కత్తిరి ఎండలు ఇంకా మొదలు కాలేదు గానీ, పొద్దున్నే గచ్చు మీద కాలు పెడితే అవి దగ్గర్లోనే ఉన్నాయని తెలుస్తోంది. నాగశ్రీ కాలేజీలో చరిత్ర చదువుతోంది. ఆ పల్లెలో ఏనాటివో నిలువురాళ్ళు ఉన్నాయనీ, వాటిని కొలిచి బొమ్మ గీసుకుని వస్తామనీ వారం నుంచి ఇంట్లో అదే మాట.

మాది పుదుచ్చేరిలో, కోసపాళయంలో పాత ఇల్లు. ఉండేది మేం ముగ్గురమే. మాలో ఎవరన్నా ప్రయాణమై పోతే, చేరామని కబురు వచ్చేదాకా మేం ఇల్లు ఊడవం. పోయినవాళ్ళ అడుగులు గచ్చు మీదే ఉంటాయని మా అమ్మ చెప్పేది. చీపురు తగిలితే ఆ అడుగులు చెదిరిపోయి, తిరిగొచ్చే దారి వాళ్ళకి తెలియకుండా పోతుందట. మా అమ్మ కాలంలో ఉత్తరం వచ్చేదాకా దుమ్ములోనే వండుకుని దుమ్ములోనే పడుకునేవాళ్ళం. ఫోన్లు వచ్చాక ఆ బాధ తప్పింది. ఆ మధ్యాహ్నం నాగశ్రీ ఫోన్ చేసింది.

"చేరినా అవ్వా. ఊడ్చుకో."

అప్పుడు చీపురు పట్టాను. ముందుగది, నడవ, వంటిల్లు ఊడ్చాను. వీధి తలుపు వెనక బియ్యం డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే చీపురు పక్కకి తిరిగింది.

ఆ డ్రమ్ము కింద నేను ఊడవను. నా కొడుకు చిన్నబ్బాయి, మిల్లు పని ఆగిపోయిన తర్వాత, తిరుప్పూరు బనీన్ల కంపెనీలో చేరతానని బయలుదేరిన రోజు సంచి అక్కడే పెట్టి, వంగి చెప్పులు తొడుక్కున్నాడు. ఆ సంచి సర్దింది నేనే. పిల్లకి జ్వరమని తాయారు దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పోయింది. బయట వాన. చేరగానే ఫోన్ చేస్తానమ్మా అన్నాడు. ఆ ఫోన్ రాలేదు. తిరుప్పూరులో వెతికాం, పోలీస్ స్టేషన్లో చెప్పాం, ఆసుపత్రులు తిరిగాం. ఎన్నాళ్ళని ఊడవకుండా ఉంటాం? ఇంటినిండా చీమలు పట్టాయి, ఇరుగుపొరుగు నవ్వారు. ఒకరోజు తాయారు నా చేతిలో చీపురు పెట్టింది. ఊడ్చాను, ఆ ఒక్క చోటు తప్ప. మర్నాడు బియ్యం డ్రమ్ము లాక్కొచ్చి దాని మీద నిలబెట్టాను. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పొద్దుగూకే వేళకి నాగశ్రీ వచ్చింది. ముఖం ఎండకి కమిలిపోయింది. మూడో సీసా మూత కూడా తియ్యలేదని నాకు చూపించి మరీ మొక్కకి పోసింది. ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. తాయారు ఒళ్ళో మల్లెమొగ్గలు పోసుకుని కడుతోంది. పిల్ల ఫోన్లో ఫోటోలు ఒక్కొక్కటే జరిపింది.

ఎర్రమట్టి నేల. దాని మీద రాళ్ళు. పడి ఉన్నవి కావు, నిలబడ్డవి. కొన్ని రెండు నిలువుల ఎత్తు, కొన్ని తాయారంత, కొన్ని మోకాలి దాకా. వరసలు వరసలుగా, గట్టు దాకా పోయి అక్కడ ఎండలో కలిసిపోయాయి. ఏ రాయికీ ముఖం లేదు. అయినా అన్నీ ఒకే దిక్కుకి చూస్తున్నట్టే ఉన్నాయి, బస్సు రావాల్సిన వైపు చూసే జనంలాగా.

"వీటిని తెలుగులో రాకాసిగుళ్ళు అంటారు" అన్నాను.

"నీకెట్లా తెలుసు అవ్వా?"

"చదివినా."

మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడటమే గానీ చదవడం లేదు. నేను బడికి పోలేదు. మేడ మీద గదిలో అద్దెకున్న యానాం అమ్మాయి హేమశ్రీ ఉద్యోగం మారి పోతూ పోతూ ఒక అట్టపెట్టె నిండా వారపత్రికలు వదిలేసింది. తెలుగు క్యాలెండరులో నాకు తెలిసిన వారాల పేర్లు పక్కన పెట్టుకుని, అక్షరానికి అక్షరం సరిచూసుకుంటూ నేర్చుకున్నాను. అందుకే నా చదువు సగం కథలు, సగం ఎక్కడో ఆగిపోయిన సీరియళ్ళు. ఆ అమ్మాయి యానాం చేరాక ఫోన్ చేసింది. ఇల్లు ఊడ్చుకున్నాను. మళ్ళీ చేయలేదు.

"రాకాసులు కాదవ్వా, మనలాంటోళ్ళే" అంది నాగశ్రీ. "మూడువేల ఏండ్ల కింద. చచ్చిపోయినోళ్ళ ఎముకలు పూడ్చి, పైన రాయి నిలబెట్టేవాళ్ళు. కానీ ఒకటుండాది. మునుపెప్పుడో కొన్ని రాళ్ళ కింద తవ్వి చూస్తే ఎముకలే లేవంట. కుండ పెంకు కూడా లేదంట. వట్టి మన్ను."

"వట్టి మన్ను మీద రాయెందుకు?" తాయారు అడిగింది.

"మా మేడంకే తెలీదు. ఆడ మేకలు మేపే ముసలి ఆయా ఒకామె ఉండాది, పూంగావనం అని. ఆమెని అడిగితే నవ్వింది. ఇది కూడా తెలీకుండా కాలేజీలో ఏం చెప్పిస్తారు మీకు అనింది. అవి ఇల్లు వదిలిపోయి తిరిగి రానోళ్ళ రాళ్ళంట. ఆ ఊళ్ళో ఇప్పుడు కూడా నాటతారు. పెద్ద రాళ్ళల్లో కాదు, కింద పక్క, చిన్నచిన్నవి. పోయినోడి ఇంట్లోంచే రాయి తేవాలంట. ఒక రాయి నిలబడితే వాడు నిలబడినట్టే, ఇంక యాడా తిరగడు అనింది."

తాయారు చేతిలో దారం ఆగింది.

"వేరే ఊరోళ్ళు నాటచ్చా?"

వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"ఎవరికి నాటేది?" అన్నాను.

"సుమ్మా, ఊరికే అడిగినా అత్తా."

"నా కొడుక్కి సమాధి కట్టమని ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు."

లేచి లోపలికి పోయాను. ఇంకా వెలుతురు ఉండగానే పెరటి తలుపు గడియ పెట్టి, పెట్టానో లేదో అని మళ్ళీ చూసుకుని వచ్చాను.

కత్తిరి ఎండలు వచ్చాయి. మధ్యాహ్నాలు వీధిలో కుక్క కూడా తిరగదు. గచ్చు మీద తడిబట్ట పరుచుకుని పడుకునేదాన్ని. ఆ నిద్ర నిద్ర కాదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, దాని వెనక ఇంకేదో జరుగుతూ ఉంటుంది. ఒకసారి రాళ్ళు మా వీధిలోకి వచ్చాయి. పక్కింటి మలర్ వాళ్ళ గుమ్మం ముందు ఒకటి, ఇస్త్రీ బండి పక్కన ఒకటి, కొళాయి దగ్గర రెండు, అలా వీధి పొడుగునా నిలబడ్డాయి. ఎవరూ ఆశ్చర్యపడటం లేదు, వాటిని తప్పుకుని సైకిళ్ళు పోతున్నాయి. నేను గుమ్మంలోకి వచ్చి చూశాను. అప్పుడు రాళ్ళన్నీ కొంచెం కొంచెం జరిగి, ఒకరికి చోటిచ్చాయి, బస్సులో సీటు మీద జరిగినట్టు. లేచి కూర్చుంటే నోరు ఎండిపోయి ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అలాంటి ఒక మధ్యాహ్నమే గోవిందరాజన్ తాయారుని ఆటోలో తీసుకొచ్చాడు.

తాయారు లాస్‌పేటలో ఒక కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. ఆయన అక్కడ స్టోరు చూసుకుంటాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. వానాకాలంలో ఆయన స్కూటర్ మా వీధి చివర ఆగడం, తాయారు దిగి గొడుగు విప్పుకుని రావడం మేడ మీంచి నేను చూస్తూనే ఉన్నాను. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తిరిగి చూసుకోరు. ఆ చూసుకోకపోవడంలోనే నాకు సంగతి అర్థమైంది. ఆ రోజు పొయ్యి దగ్గర తాయారు కళ్ళు తిరిగి పడిపోయిందట. ఆయన ఆమెని అరుగు దాకా నడిపించి, రెండు మెట్లు దిగి వీధిలోనే ఎండలో నిలబడ్డాడు.

"లోపలికి రా నాయనా, మజ్జిగ తాగి పో" అన్నాను తమిళంలో.

"వద్దమ్మా. ఇంకోసారి మీరు మనసుపడి రమ్మన్నప్పుడు వస్తాను."

మాట తిన్నగానే ఉంది. మజ్జిగ మాత్రం వీధిలోనే నిలబడి తాగి, లోటా కడిగి అరుగు మీద బోర్లించి పోయాడు.

సాయంత్రం తాయారు నుదుటి మీద తడిగుడ్డతో పడుకుని ఉంది. నేను విసనకర్రతో విసురుతున్నాను. నాగశ్రీ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఆయన అడిగినాడత్తా" అంది కళ్ళు తెరవకుండా.

"ఏమని?"

"ఏమని అడుగుతారు? నీకు తెలుసు."

"నువ్వేం చెప్పినావు?"

"మా అత్త చెప్పాల అన్నా."

"అవ్వా, సట్టం లెక్కన ఏడేండ్లు కబురు లేకుంటే పోయినట్టే..." నాగశ్రీ మొదలుపెట్టింది.

"నువ్వు నోరు మూసుకో" అంది తాయారు. "సట్టం చెప్తే నాకేం, చెప్పకపోతే నాకేం. సట్టం నాకు జ్వరమొస్తే గంజి కాచి పోసిందా?" నా వైపు తిరిగింది. "వాడు ఉండాడని నువ్వంటే ఉండాడు అత్తా. లేడంటే లేడు. నువ్వు చెప్పకుండా నేను ఈ గడప దాటను. దాని కోసం నిన్ను బలవంతం చేసేదీ లేదు."

నా చేతిలో విసనకర్ర నడుస్తూనే ఉంది. నేను లేడు అన్న మరుక్షణం కొడుకూ పోతాడు, కోడలూ పోతుంది. నాకున్నది ఆ ఒక్క మాటే, దాన్ని నోట్లో పెట్టుకుని ఇన్నేళ్ళు కూర్చున్నాను. అనకపోతే తాయారు ఈ గచ్చు మీదే నాలాగా ముసలిదైపోతుంది. ఆమె చెవుల పక్క తెల్లవెంట్రుకలు తడిగుడ్డకి అంటుకుని ఉన్నాయి.

"రాయి నాటినాక వాడొస్తే?" అన్నాను చివరికి.

తాయారు తడిగుడ్డ తిరగేసి నుదుటి మీద పెట్టుకుంది.

"వస్తే పీకేద్దాం. రాయే గదా అత్తా."

నాగశ్రీ కిసుక్కున నవ్వింది. తాయారు కూడా. నాకు నవ్వు రాలేదు గానీ, చాలా రోజుల తర్వాత ఆ పూట అన్నం దిగింది.

వారం తిరక్కుండానే పక్కింటి మలర్ వచ్చింది.

"అక్కా, మీ కుళవి కల్లు ఒక్కరోజు ఇయ్యాల. మనవణ్ణి తొట్లో వేస్తాండాం."

మా పెరట్లో పాత రుబ్బురోలు ఉంది. కరెంటు గ్రైండరు కొన్నాక దానితో పని లేదు గానీ, దాని పొత్రానికి, మలర్ అడిగిన కుళవి కల్లుకి, మాత్రం ఇప్పటికీ గిరాకీ. బిడ్డని మొదటిసారి ఉయ్యాల తొట్లో పడుకోబెట్టే ముందు, పొత్రానికి తలంటి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దాన్ని ముందు తొట్లో పెట్టి ఊపుతారు. రాయి లేచాకే బిడ్డ. ఆ రాయిలాగా గట్టిగా, కదలకుండా వెయ్యేళ్ళు ఉండాలని. ఇప్పుడు ఎవరిళ్ళలోనూ పొత్రాలు లేవు, అందరూ మా దగ్గరికే వస్తారు.

"ఈ వీధి పిల్లకాయలందరికీ మీ రాయే పెద్దన్న" అంటూ మలర్ దాన్ని చంకలో ఎత్తుకుని పోయింది.

మర్నాడు తిరిగి తెచ్చి రోలు పక్కన పెట్టి, ఒక కొబ్బరికాయ చెక్క, రెండు అరటిపళ్ళు నా చేతిలో పెట్టింది. ఆమె పోయాక చూశాను. పొత్రానికి పసుపు ఇంకా ఆరలేదు. కళ్ళకి కాటుక పెట్టినట్టు ఎవరో రెండు చుక్కలు పెట్టారు. మెడ దగ్గర నల్లదారం. పచ్చటి పాత తువ్వాలు చుట్టి ఉంది.

చిన్నబ్బాయిని తొట్లో వేసిన రోజు నాకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. మా అత్త ఈ రాయినే నా చేతులకిచ్చి, జాగ్రత్త, తల పట్టుకో అంది. నేను నిజంగానే తల పట్టుకున్నాను. అందరూ నవ్వారు. ఈ రాయి చల్లదనం పోకముందే ఆ తొట్లో వాడు పడుకున్నాడు.

ఆ రోజు రాయీ వాడూ ఒకే తొట్లో ఊగారు. రాయి ఇంకా ఇక్కడే ఉంది.

తాయారు హాస్టల్నుంచి వచ్చేసరికి నేను కొళాయి కింద కూర్చుని కొబ్బరిపీచుతో పొత్రం తోముతున్నాను.

"ఇప్పుడెందుకత్తా దాన్ని కడగతాండావు? ఎవరన్నా అడిగినారా?"

"నాగశ్రీని అడుగు" అన్నాను, తల ఎత్తకుండా. "ఆ ఊరికి బస్సు ఎన్నింటికో."

తాయారు చెప్పులు విప్పలేదు. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, నా చేతిలో పీచు తీసుకుంది.

వైకాసి నెలలో ఒక ఆదివారం బయలుదేరాం. మళ్ళీ సంచి సర్దాను. అడుగున దుప్పటి కాదు, నా నూలుచీరలో చుట్టిన పొత్రం. దాని మీద పసుపు, కుంకం, పులిహోర. గొడుగు గుర్తే రాలేదు. ముగ్గురమూ పోతున్నాం గనక ఇంట్లో ఊడవకుండా కాచుకునేవాళ్ళు ఎవరూ లేరు. తాళం పెట్టి, లాగి చూసి, వీధి మలుపు దాకా పోయి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూశాను.

బస్సులో సంచిని పైన పెట్టమని తాయారు అంది. నేను ఒళ్ళోనే పెట్టుకున్నాను. కండక్టరు టికెట్టు చింపుతూ దాని వైపు చూశాడు.

"ఏంది పాటీ, సంచిలో కొండని తీసుకోని పోతాండారా?"

"రాయి నాయనా."

"పుదుచ్చేరినుంచి చెంజికి రాయా?" అని నవ్వాడు. చెంజి చుట్టూ ఉన్నవన్నీ గుట్టలూ బండలే. "సరి సరి, దానికి టికెట్టు వద్దులే."

తిండివనం దాటాక తాయారు నిద్రపోయి నా భుజం మీద వాలింది. ఒక భుజం మీద ఆమె బరువు, ఒళ్ళో రాయి బరువు. కిటికీలోంచి వేడిగాలి. ఆ బస్సు ఎక్కడా ఆగకుండా అలాగే పోతే బాగుండుననుకున్నాను.

చెంజి దాటి షేర్ ఆటో దిగాక కొంత దూరం పొలం గట్ల మీద నడిచాం. ముందు తాటిచెట్లు కనిపించాయి. వాటి వెనక రాళ్ళు.

ఫోటోల్లో వాటి చప్పుడు తెలియదు. రాళ్ళకి చప్పుడేమిటంటారు గానీ ఉంది. గాలి వాటి మధ్యలోంచి వచ్చేటప్పుడు ఒక్కొక్క రాయి దగ్గర ఒక్కొక్క రకంగా ఊపిరి తీసినట్టు వినిపించింది. నడినెత్తిన ఎండ. దేనికీ నీడ లేదు. నేల మీంచి ఆవిరి లేస్తుంటే వరసలన్నీ నెమ్మదిగా కదులుతున్నట్టుంది. పెద్దరాయి ఒకదాని మీద అరచెయ్యి ఆనించాను. సెగ. కానీ కింద, నేలకి దగ్గరగా, మేకలు ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని నున్నబడ్డ చోట మనిషి బుగ్గంత వెచ్చదనమే ఉంది.

పూంగావనం తాటిచెట్టు కింద కూర్చుని వక్క కొరుకుతోంది. వయసులో నాకంటే పెద్దదే గానీ ఒళ్ళు ఎండిన కట్టెలా గట్టిగా ఉంది. తమిళంలోనే మాట్లాడింది. నాగశ్రీని చూడగానే గుర్తుపట్టింది.

"కొలిచే పిల్లవు గదా. ఇంకా కొలవడం అయిపోలేదా?" అని, నా చంకలో సంచి చూసి, నవ్వు ఆపింది. "ఎవరు?"

"నా కొడుకు" అన్నాను.

ఆమె ఊరు అడగలేదు, కులం అడగలేదు, ఎలా పోయాడని అడగలేదు. లేచి గునపం తెచ్చింది. "రండి. ఈ చోటుని మేం నిండ్రాన్ మేడు అంటాం. నిలబడ్డవాడి దిబ్బ."

పెద్ద వరసలు అయిపోయిన చోట, పల్లంలో, చిన్నరాళ్ళు ఉన్నాయి. ఒక నాపరాతి ముక్క, ఒక సన్నికల్లు, బట్టలుతికే బండలో సగం, మైలురాయిలాంటిది ఒకటి. కొన్నిటికి నాచు పట్టి నల్లబడింది. ఒకదానికి నిన్నో మొన్నో పెట్టిన కుంకం.

"ఆయా, పెద్ద రాళ్ళకి దూరంగానే గదా?" నాగశ్రీ భయంగా అడిగింది. "వాటి పక్కన కొత్తది పెట్టకూడదు. మా మేడం చంపేస్తాది."

"మీ మేడంకి చెప్పు, ఇది నేటిదని రాసుకోమను. మూడువేల ఏండ్ల తర్వాత వచ్చే మేడంకి పనికొస్తుంది."

"అప్పుడు వాళ్ళు దీన్ని చూసి ఏమనుకుంటారో."

"పొత్రం అనుకుంటారు" అన్నాను.

తాయారు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం ఆగేదాకా మేమెవరమూ ఆమె వైపు చూడలేదు.

పూంగావనం, తాయారు మార్చి మార్చి గుంట తవ్వారు. నేను చీర విప్పి రాయి బయటికి తీశాను. పసుపు రాశాను.

"వాడు పోయేటప్పుడు వాడి వీపు ఆఖర్న చూసింది ఎవరు?" అంది పూంగావనం.

తాయారు నా వైపు చూసింది.

"నేనే" అన్నాను.

"అయితే నువ్వే పట్టుకోవాల. మన్ను నింపేదాకా వదలకూడదు."

గుంటలో నిలబెట్టి, రెండు చేతులతో పట్టుకున్నాను. తల వైపు. తాయారు దోసిళ్ళతో మన్ను పోసింది. నాగశ్రీ పోసింది. పూంగావనం కాలితో తొక్కింది, మళ్ళీ పోయించింది, మళ్ళీ తొక్కింది. చేతుల కింద రాయి మొదట్లో అటూ ఇటూ ఒరిగింది. తర్వాత ఒరగడం మానింది. మన్ను నింపడం అయిపోయింది. తాయారు చేతులు దులుపుకుంది. పూంగావనం గునపం భుజాన వేసుకుంది. నేను పట్టుకునే ఉన్నాను.

ఎక్కడో మేకపిల్ల అరిచింది.

పూంగావనం వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. "అక్కా" అంది, తనకంటే చిన్నదాన్నే అయినా. "ఇంక వదులు. అది నిలబడింది."

వదిలాను.

పడలేదు.

కాసేపటికి పొద్దు కొంచెం వాలింది. ప్రతి రాయి కిందా నీడ మొదలైంది. పెద్దవాటి కింద పెద్దది, మా రాయి కింద బెత్తెడు. అన్నీ ఒకే వైపు. తాయారు కుంకం పెట్టింది. పులిహోర విప్పి నలుగురం తాటిచెట్టు కింద తిన్నాం. పూంగావనం రెండోసారి పెట్టించుకుని, ఉప్పు తక్కువైందని చెప్పింది.

పోయేటప్పుడు నేను తల వంచుకుని గట్టు వైపు నడిచాను. ఇలాంటి చోట వెనక్కి తిరిగి చూడకూడదంటారు గదా. పూంగావనం వెనకనుంచి కేకేసింది.

"ఎందుకట్లా పోతాండావు? చూసుకుంటా పో! ఎన్నిసార్లన్నా చూడు. అది యాడికీ పోదు!"

తిరిగి చూశాను. రోడ్డు దాకా చూస్తూనే నడిచాను. కాలికి రాయి తగిలి పడబోతే నాగశ్రీ పట్టుకుంది. ఎవరు వెళ్ళిపోతున్నా వాళ్ళ వీపు చూసి చూసి నా కళ్ళు అలిసిపోయాయి. ఈసారి నడిచిపోయేది నేను, నిలబడి ఉన్నది వాడు. అలా కూడా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తాయారుతో చెప్పాను. "ఆయన్ని లోపలికొచ్చి మజ్జిగ తాగమను."

తాయారు తల ఊపింది. అన్నం కలుపుతూనే ఉంది, చాలాసేపు.

పెళ్ళిళ్ళు చెయ్యని ఆడి నెల రాకముందే, ఆని నెలలో, గుళ్ళో దండలు మార్చుకున్నారు. గోవిందరాజన్ ఇల్లు నటేశన్ నగర్లో. మా ఇంటినుంచి టౌను బస్సులో కొంచెం దూరమే. నాగశ్రీ నా దగ్గరే ఉంటానంది. తల్లి దగ్గరికి ఆదివారాలు పోతుంది, లేకపోతే తల్లే వస్తుంది. మలర్ మాత్రం నా మీద అలిగింది. "పెద్దన్నని తీసుకుపోయి యాడనో పూడ్చి వచ్చినారు. ఇంక ఈ వీధి బిడ్డలకి తొట్లో ఏం పెట్టేది, ఇటుకా?"

తాయారు పోయే రోజు పొద్దున్నే సంచి నేనే సర్దాను. చీరలు, ఆవకాయ జాడీ, ఆమె తలగడ, అమృతాంజనం. నీళ్ళ సీసా పెట్టబోతే చేత్తో ఆపింది.

"అత్తా, నటేశన్ నగర్లో కొళాయి ఉండాది."

"తెలుసులే."

సీసా పెట్టాను. తీయలేదు. వీధి తలుపు దగ్గర సంచి కింద పెట్టి వంగి చెప్పులు తొడుక్కుంది. బియ్యం డ్రమ్ము పక్కనే. లేచి నిలబడి, నా రెండు చేతులూ పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో. గోవిందరాజన్ అరుగు దిగి, స్కూటర్ దగ్గర వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

"పోయొస్తా అత్తా."

"పోయిరా."

మలుపు దాకా చూశాను. ఈసారి ఆమె వెనక్కి తిరిగి చూసింది, చెయ్యి ఊపింది, సంచి జారబోతే పట్టుకుంది.

నాగశ్రీ కాలేజీకి పోయింది. నేను గచ్చు మీద కూర్చున్నాను. ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. నిద్రలాంటిదేదో వస్తోంది, వీధిలో రాళ్ళు నిలబడతాయేమో అనుకున్నాను. ఏదీ రాలేదు. ఇస్త్రీ బండివాడి రేడియో వినిపించింది. ఫోన్ మోగింది.

"చేరినా అత్తా" అంది తాయారు. "ఊడ్చుకో."

లేచి చీపురు తీసుకున్నాను. వంటిల్లు ఊడ్చాను, నడవ ఊడ్చాను, ముందుగది ఊడ్చాను. బియ్యం డ్రమ్ముని రెండు చేతులతో పట్టుకుని, ఒక అంచు మీద తిప్పుతూ తిప్పుతూ పక్కకి జరిపాను. కింద గుండ్రంగా దుమ్ము. నాలుగు బియ్యపు గింజలు, ఎండిన బల్లిగుడ్డు పెంకు. అంతకంటే ఏమీ లేదు. చీపురుతో ఒకసారి లాగాను. కింద గచ్చు ఎర్రగా, కొత్తదానిలాగా ఉంది. దుమ్ము చేటలోకి ఎత్తి, పెరట్లో ఖాళీ రోట్లో పోశాను.

చిన్నబ్బాయి తిరిగి రాలేదు. వాడు ఇంట్లోంచి పోయింది రెండువేల పదో సంవత్సరం, వానల ఐప్పసి నెల, ఒక బేస్తవారం పొద్దున.